ఆకు పండిపోయిందని ఫ్లాస్కు పారేయకండి: ఒక నేల ఆర్కిడ్ కేసు

నేను బెజవాడలో ఉంటూ టిష్యూ కల్చర్ ల్యాబులకు (గాజు ఫ్లాస్కుల్లో సూక్ష్మజీవులు చేరకుండా మొక్కలు పెంచేవి) మీడియా, అంటే మొక్కకి తిండిగా పెట్టే పోషక జెల్లీ, తయారీ, కంటామినేషన్ (బూజు, బాక్టీరియా చేరడం), హార్డెనింగ్ (ల్యాబు మొక్కని బయటి వాతావరణానికి అలవాటు చేయడం) లాంటి విషయాల్లో సాయం చేస్తుంటాను. ఎక్కువగా అరటి పనే. ఈ కేసు మాత్రం గుంటూరులో ఒక కాలేజీ బోటనీ ల్యాబుది. అక్కడి మేడమ్ ఒకావిడ, ఇద్దరు పిల్లలు (ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులు) మన గుట్టల్లో వానాకాలం మొలిచే ఒక నేల ఆర్కిడ్‌ను గింజ నుంచి పెంచాలని పెట్టుకున్నారు. కాలేజీ పేరు, కొండ పేరు, మొక్క పూర్తి జాతి పేరు ఇక్కడ రాయడం లేదు. మనుషుల గోప్యత ఒక కారణం, మొక్క ఇంకో కారణం. ఇది హాబెనేరియా ప్రజాతిలోది, తెల్లపూలది, ఇంతవరకే చెప్తాను. జాతి చెబితే తెలిసినవాళ్లకి కొండ తెలిసిపోతుంది, కొండ తెలిస్తే దుంపలు తవ్వేవాళ్లు వెళ్తారు. ఆయుర్వేదంలో అష్టవర్గం అనే ఎనిమిది మూలికల్లో ఋద్ధి, వృద్ధి అనేవి హిమాలయాల హాబెనేరియా దుంపలే, అక్కడ వాటి మీద ఒత్తిడి ఎంత ఉందో చాలామందికి తెలుసు. మన దగ్గర అంత లేకపోవచ్చు గానీ ఉన్న గుంపు చాలా చిన్నది, ఒక్క బుట్టెడు తవ్వితే అయిపోతుంది.

దుంప పక్కన పెట్టి గింజతోనే ఎందుకు అంటే, ఈ మొక్క ఏటా పాత దుంప స్థానంలో ఒక కొత్త దుంప పెడుతుంది, అంతే. అరటిలాగా పిలకలు వేసి గుంపు పెంచదు. సంఖ్య పెరగాలంటే గింజే దారి. గింజలకు కొదవ లేదు, ఒక్కో కాయలో వేలల్లో ఉంటాయి, ఊదితే ఎగిరిపోయేంత పొడి. కానీ ఆ పొడిలో ఒక్కో గింజలో ఉన్నది కొన్ని కణాల పిండం, దాని చుట్టూ ఒక పలచటి తొడుగు. వరి గింజలోలాగా లోపల పిండి నిల్వ లేదు. అడవిలో ఒక రకం ఫంగస్ వచ్చి గింజలోకి దూరి తిండి పెడితేనే మొలుస్తుంది. 1899లో ఫ్రాన్సులో నోయెల్ బెర్నార్ ఈ సంగతి పట్టుకున్నాడు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ ఫంగస్ లేకుండా పంచదార కలిపిన మీడియం మీద ఆర్కిడ్ గింజలు మొలిపించాడు, ల్యాబుల్లో ఆర్కిడ్లు పెంచడానికి దారి అక్కడే పడింది. కాకపోతే ఆయన వాడింది చెట్ల మీద పెరిగే కాట్లియా లాంటి ఆర్కిడ్లు. నేల ఆర్కిడ్లు అంత తేలిగ్గా లొంగవు.

నన్ను పిలిచేసరికి

మేడమ్ ఫోన్లో చెప్పింది ఇది. "సార్, గింజలు చచ్చిపోయినట్టున్నాయండీ, టెట్రజోలియం టెస్టులో (గింజ బతికుందో చూసే రంగు పరీక్ష) రంగు రాలేదు, అయినా ఎమ్మెస్ మీడియం (ల్యాబుల్లో మామూలుగా వాడే మీడియం) మీద వేశాం, ఎక్కడో ఒకటీ అరా మొలిచి గోధుమరంగుకి తిరిగి పోతున్నాయి. ఏ హార్మోన్ వెయ్యమంటారు?"

ఇంకో ముక్క మధ్యలో అనేసి వదిలేశారు, అసలు కీలకం అదే అని తర్వాత తెలిసింది. అంతకు ముందు సంవత్సరం కొన్ని మొక్కలు ఫ్లాస్కులో ఆకుల దాకా వచ్చాయట, చలికాలంలో పసుపు పడి చచ్చిపోతే ఆటోక్లేవ్ చేసి (వేడి ఆవిరితో అన్నిటినీ చంపేసి) పారేశారట, బతికినవాటిని మార్చిలో కుండీల్లో పెడితే అవీ పోయాయట.

హార్మోన్ ప్రశ్నకి నేను వెంటనే జవాబు చెప్పలేదు. ల్యాబుల్లో ఏది పని చేయకపోయినా మొదట బీఏపీ (చిగుళ్లు వేయించే హార్మోన్) సీసా మీదకే చెయ్యి పోతుంది. గింజ బతికుందో లేదో తేలకుండా హార్మోన్ మార్చడం వృథా, ఎందుకంటే ఫలితం రాకపోతే కారణం ఏదో మనకి తెలియదు.

గింజ నిజంగా చచ్చిందా

టెట్రజోలియం పరీక్ష బతికున్న కణాల శ్వాసక్రియ మీద ఆధారపడుతుంది. ప్రాణం ఉన్న పిండం ఎర్రబడుతుంది, లేనిది తెల్లగానే ఉంటుంది. అయితే ద్రావణం లోపలికి వెళ్తేనే కదా రంగు వచ్చేది. నేల ఆర్కిడ్ల ముదురు గింజల తొడుగు నీటిని తేలిగ్గా రానివ్వదు. ఈ ల్యాబులో గింజల్ని నేరుగా ద్రావణంలో వేశారు. పైగా స్టెరిలైజేషన్‌కి వాడింది 0.1 శాతం మెర్క్యురిక్ క్లోరైడ్. మన ల్యాబుల్లో అరటి పిలకలకి అలవాటైన మందు అది, సూక్ష్మజీవుల్ని చంపుతుంది గానీ గింజ తొడుగుని తెరవదు. విషం కూడా, పారబోసే నీళ్లు ఎక్కడికి పోతాయో ఎవరూ ఆలోచించరు. నా దృష్టిలో చదువుకునే పిల్లల చేతికి అది ఇవ్వాల్సిన అవసరమే లేదు.

బ్లీచ్ రెండు పనులు చేస్తుంది. శుభ్రం చేస్తుంది, తొడుగుని కొరికి నీటికి దారి ఇస్తుంది. అందుకని సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్ అంటే ఇదే) పలుచన ద్రావణంలో ఒక చుక్క ట్వీన్ (సబ్బులాగా తడి పట్టించే ద్రవం) వేసి, గింజల్ని వడపోత కాగితం పొట్లాల్లో కట్టి, వేర్వేరు సమయాలు ఉంచి తీశాం. తీసిన ప్రతి పొట్లంలో కొన్నిటిని టెట్రజోలియంలో చీకట్లో ఒక రోజు పెట్టి మైక్రోస్కోపు కింద చూశాం. తక్కువసేపు ఉంచినవాటిలో రంగు లేదు. మరీ ఎక్కువసేపు ఉంచినవాటిలోనూ లేదు, బ్లీచ్ పిండాన్నే తినేసింది. మధ్యవాటిలో పిండాలు చక్కగా ఎర్రబడ్డాయి. గడియారం కన్నా మంచి గుర్తు ఇంకోటి ఉంది, గోధుమరంగు తొడుగు తెల్లబడటం మొదలవగానే ఆపేయాలి. గింజల లాటు మారితే సమయం మారుతుంది కాబట్టి ఒక అంకె రాసుకుని ప్రతిసారీ అదే వాడితే కుదరదు.

పాత గింజలు మాత్రం నిజంగానే పోయాయి. వాటిని నవంబరులో సేకరించి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఏసీ లేని గది బీరువాలో ఉంచారు. గుంటూరు మే నెల ఎండలో ఆ బీరువా ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ ఏటి కొత్త గింజల్ని సిలికా జెల్‌తో ఆరబెట్టి గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో పెట్టించాం.

గింజల సేకరణ అటవీశాఖ అనుమతితో, వాళ్ల సిబ్బంది పక్కన ఉండగానే జరిగింది. పచ్చికాయ కోసి లోపలి లేత గింజలు వాడే పద్ధతి ఒకటుంది, తొడుగు గట్టిపడక ముందే కాబట్టి మొలక తేలిక, స్టెరిలైజేషన్ కూడా కాయ పైన చేస్తే చాలు. మేడమ్‌కి అది చేద్దామని ఉంది. నేను వద్దన్నాను. ఆ కొండ మీద కాసిన కాయలే తక్కువ, పచ్చికాయ కోస్తే అందులోని గింజలన్నీ మనవే, కొండకి ఏమీ మిగలదు. పండిన కాయ అయితే సగం కాగితంలోకి తట్టుకుని మిగతా సగం అక్కడే గాలికి వదిలేయొచ్చు. పని కొంచెం కష్టమైనా అదే చేశాం.

మీడియం దగ్గర ఏం జరిగింది

ఎమ్మెస్ మీడియం 1962లో పొగాకు కణజాలం కోసం తయారైంది. నత్రజని లవణాలు దండిగా ఉంటాయి, నైట్రేట్ 39 మిల్లీమోలార్ (ద్రావణం గాఢతకి కొలత) పైన, అమ్మోనియం 20 పైన. పొగాకుకి, అరటికి అది విందు. ఎరువు ఎరగని గుట్ట నేలలో పుట్టే ఆర్కిడ్ పిండానికి భారం. అందుకని లవణాల్ని నాలుగో వంతుకి దించి, నత్రజని కొంత పెప్టోన్ (ముక్కలుగా విడగొట్టిన ప్రోటీన్) రూపంలో ఇచ్చాం, పంచదార లీటరుకి 30 గ్రాముల నుంచి 10కి తగ్గించాం, యాక్టివేటెడ్ చార్‌కోల్ (చెడు పదార్థాల్ని పీల్చుకునే బొగ్గు పొడి) కలిపాం, డిష్‌లన్నీ అల్యూమినియం ఫాయిల్ చుట్టి చీకట్లో పెట్టాం. నేల ఆర్కిడ్ గింజ మట్టిలో చీకట్లో మొలుస్తుంది, అరటి ర్యాకుల కింద ట్యూబులైట్ల వెలుగులో పెడితే దానికి అది పైకి వచ్చేసినట్టు లెక్క.

మొలిచాయి. పిండం ఉబ్బి, తొడుగు చిట్లి, చిన్న తెల్లటి ముద్దలా ప్రోటోకార్మ్ వచ్చింది. మేడమ్ సంతోషం చూడాల్సిందే. ఇక్కడ పిల్లల్లో ఒకరు కొబ్బరినీళ్లు, బీఏపీ కలిపిన మీడియం కూడా పక్కనే పెట్టి చూశారు, పెట్టి చూడటం మంచిదే. అందులో ప్రోటోకార్మ్‌లు చూడ్డానికి మరింత లావుగా, గుంపులుగా పెరిగాయి గానీ చిగురు వేయకుండా ముద్ద మీద ముద్ద పెడుతూ పోయాయి. లెక్కకి బాగుంటుంది, మొక్క రాదు. అది ఆపేశాం. తొందరగా వెలుతురులోకి తెచ్చినవి గోధుమరంగుకి తిరిగాయి, చిగురు మొన కనబడ్డాక తెచ్చినవి పచ్చబడి ఆకు వేశాయి.

ఇక్కడిదాకా పుస్తకాల్లో దొరికే పనే. కేసు రాయాలనిపించింది దీని తర్వాత జరిగినదానికి.

పసుపు పడిన ఫ్లాస్కులు

కొన్ని నెలలకి ఆ మొక్కలు కూడా పసుపు తిరగడం మొదలైంది. మళ్లీ అదే టెన్షన్. మేడమ్ ఆలోచన కొత్త మీడియంలోకి మార్చేద్దామని, పోషకాలు అయిపోయాయేమో అని. ఆ ఆలోచన తప్పు కాదు, అరటి అయితే నేనూ అదే చెప్పేవాణ్ణి. కానీ నాకు ఫోన్లో విన్న ముక్క గుర్తొచ్చింది, పోయినేడు కూడా ఆకులొచ్చాక పసుపు పడే పోయాయి. రెండేళ్లు వరసగా ఒకే దశలో ఒకేలా పోతుంటే అది ల్యాబు లోపం అయ్యే అవకాశం కన్నా మొక్క స్వభావం అయ్యే అవకాశం ఎక్కువ.

కొండ మీద ఈ మొక్క ఏం చేస్తుందో ఒకసారి రాసుకుని చూశాం. తొలకరికి ఆకు నేలకి అతుక్కుని వస్తుంది, ఆగస్టు సెప్టెంబరుల్లో పూస్తుంది, వానలు వెనకబట్టాక కాయ పండుతుంది, చలికాలంలో ఆకు ఎండిపోతుంది. ఆ తర్వాత మళ్లీ వానలు పడేదాకా నేల మీద మొక్క ఉందన్న ఆనవాలే ఉండదు, ఎండాకాలమంతా దుంపగా నిద్రపోతుంది. దుగ్గిరాల వైపు పసుపు రైతుని అడగండి, పైన ఆకు ఎండితే పంట పోయిందనడు, తవ్వడానికి గునపం తీస్తాడు.

అందుకే పసుపు పడిన ఫ్లాస్కు ఒకటి లామినార్ (వడగట్టిన శుభ్రమైన గాలి వీచే బల్ల) కింద తెరిచి, అగార్ (మీడియంని గట్టిపరిచే జెల్లీ) కరిగించకుండా మెల్లగా చెదరగొట్టి చూద్దామన్నాను. ఎండుతున్న ఆకు మొదట్లో, వేళ్ల పక్కన, జొన్న గింజంత తెల్లటి ఉండ ఉంది. గట్టిగా ఉంది, కోసి అయోడిన్ చుక్క వేస్తే నల్లబడింది, అంటే లోపల పిండి పేరుకుంది. దుంపే. మరో రెండు ఫ్లాస్కులు తెరిస్తే వాటిలోనూ ఉన్నాయి. అంతకు ముందు సంవత్సరం ఆటోక్లేవ్‌లోకి పోయినవాటిలో ఎన్ని దుంపలు ఉండేవో ఇప్పుడు తేల్చలేం. ఆ రోజు ల్యాబులో ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు.

దీంతో ముందు తీసుకున్న నిర్ణయాలన్నీ తిరగబడ్డాయి. అంతవరకు అందరి ప్రయత్నం మొక్కని ఏడాది పొడుగునా పచ్చగా ఉంచాలని. 25 డిగ్రీల గది, రోజూ 16 గంటల వెలుతురు, ఎప్పటికప్పుడు కొత్త మీడియం, అన్నీ మొక్కని నిద్రపోనివ్వకుండా చేసే ఏర్పాట్లే. అలా నిద్ర లేకుండా నెట్టిన ఒక వరస ఫ్లాస్కుల్ని పోలికకి అలాగే కొనసాగించాం. అవి ఇంకొన్నాళ్లు ఆకుతో ఉండి, మొదలు మెత్తబడి, దుంప పెట్టకుండానే కుళ్లాయి. సబ్‌కల్చర్ (కొత్త మీడియంలోకి మార్చడం) ఆపేసి పాత మీడియంలోనే వదిలినవి పంచదార, తేమ తగ్గేకొద్దీ దుంప పెంచుకుంటూ పోయాయి. దుంపకి కారణం పంచదార తగ్గడమా, తేమ తగ్గడమా, మొక్క వయసా అని విడదీసి చూసేంత ఫ్లాస్కులు మా దగ్గర లేవు. మూడూ కలిసి వచ్చిన పద్ధతి పనిచేసింది, అదే పట్టుకున్నాం.

దుంపల్ని వేసవి దాటించడం

ఇక్కడ చాలా పోయాయి. తడి ఇసుకలో పెట్టినవి బూజు పట్టాయి. పూర్తిగా పొడిగా పెట్టినవి, చిన్న దుంపలు కదా, ముడుచుకుపోయాయి. ఫ్రిజ్‌లో పెడదామన్న ప్రతిపాదన వచ్చింది. చలిదేశాల నేల ఆర్కిడ్లకు చలి అవసరం ఉంటుంది, మన గుట్టల మొక్క ఎప్పుడూ 4 డిగ్రీలు చూసి ఉండదు, దానికి ఆ పరీక్ష ఎందుకని వద్దన్నాను. చివరికి నిలిచింది ఇది. కడిగి, కాల్చి, చల్లార్చిన ముతక కృష్ణా ఇసుక, పిడికిట్లో పిసికితే ముద్ద కట్టనంత తేమ, మూతపెట్టిన డబ్బా, కల్చర్ గదిలోనే కింది అరలో చీకటి. పెద్ద దుంపలు దాదాపు నిలిచాయి, చిన్నవి సగం పైనే పోయాయి. అందుకే తర్వాతి లాటులో ఫ్లాస్కుకి తక్కువ మొక్కలు వేసి ఒక్కో దుంప లావెక్కేలా చూశాం.

ఫంగస్ సంగతి

కుండీలోకి వెళ్లాక మొక్కకి పంచదార ఎవరూ పెట్టరు. అక్కడ ఫంగస్ ఉంటే బాగుంటుందని మొదటినుంచీ అనుకుంటూనే ఉన్నాం, అందుకే ఆ ఏడాది వానల్లో, మొక్కలు పచ్చగా ఉన్నప్పుడు, దుంప కదలకుండా పక్క మట్టి తొలిచి రెండు మొక్కల నుంచి చిన్న వేరు ముక్కలు తీసుకున్నాం. నిద్రలో ఉన్న మొక్క వేళ్లలో ఫంగస్ దొరకదు, వేళ్లే ఉండవు. వేరు కణాల్లో ఫంగస్ దారపు ఉండల్లా చుట్టుకుని ఉంటుంది, పెలోటాన్లు అంటారు. వేరుని చీల్చి స్టెరైల్ నీళ్లలో ఆ ఉండల్ని విదిలించి, విడివిడిగా పీల్చి, బాక్టీరియాని ఆపే స్ట్రెప్టోమైసిన్ కలిపిన అగార్ మీద పెట్టాం. గోధుమరంగుకి తిరిగి కుదించుకుపోయినవి మొక్క అరిగించేసినవి, అవి పెరగవు, దారాలు విడిగా కనిపించేవే తీసుకోవాలి.

వచ్చిన ఫంగస్‌లలో రైజోక్టోనియా రకం (ఆర్కిడ్లతో జతకట్టే ఫంగస్‌ల గుంపు) లక్షణాలు, అంటే లంబకోణంలో కొమ్మలు, కొమ్మ మొదట్లో నొక్కుకుపోయినట్టు ఉండటం, ఉన్నవాటినే గింజలతో కలిపి ఓట్స్ అగార్ మీద పరీక్షించాం. ఓట్స్ పొడి లీటరుకి రెండున్నర గ్రాములు, పంచదార సున్నా. ఓట్స్‌లోని పిండిపదార్థాన్ని ఫంగస్ నెమ్మదిగా విడగొట్టుకుంటుంది, అందులో కొంత గింజకి చేరుతుంది. ఓట్స్ పెంచిన డిష్‌లలో ఫంగస్ బలిసి గింజల్నే మింగేసింది. చూడ్డానికి అన్నీ ఒకే రకంలా ఉన్నా, ఒక ఫంగస్ గింజల్ని అందరికన్నా ముందు ఉబ్బించి అక్కడే ఆపేసింది, ఇంకోటి ఆలస్యంగా మొదలుపెట్టి ఆకు దాకా తీసుకెళ్లింది. పిల్లలు మొదటిదాన్నే ఎంచారు, గ్రాఫులో అది పైన ఉంది మరి. మనకి కావాల్సింది మొక్క గనక రెండోదాన్ని పెట్టుకున్నాం.

కుండీ

పోయినేడు మార్చిలో నాటడం ఎందుకు పోయిందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. నిద్రపోయే కాలంలో ఆకుతో ఉన్న మొక్కని, ఆటోక్లేవ్ చేసిన కొబ్బరి పొట్టులో, ఏప్రిల్ ఎండ ముందు పెట్టారు. ఈసారి ఆకు మొక్కల్ని నాటనే లేదు. దుంపల్ని, అదీ నైరుతి వానలు స్థిరపడ్డాక జూన్ చివర్లో నాటాం. ఎర్ర గరప మట్టి, ముతక ఇసుక, సగం చివికిన ఆకు చెత్త. కొబ్బరి పొట్టు వాడలేదు, వానాకాలం అది నీటిని వదలదు. ఎరువు చుక్క కూడా లేదు. నీళ్లు వాననీళ్లే, అవి అయిపోతే ఆర్వో నీళ్లు, కాలేజీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. సగం కుండీల్లో ఆ రెండో ఫంగస్ పెరిగిన ఓట్స్ గింజలు కొన్ని దుంప కింద వేశాం, సగంలో వేయలేదు.

రెండు రకాల్లోనూ మొలిచాయి. మొదటి వానాకాలంలో తేడా పెద్దగా కనబడలేదు, దుంపలో ఉన్న నిల్వతో నడిచినట్టుంది. తేడా రెండో ఏడు తెలిసింది. ఫంగస్ ఉన్న కుండీల్లో కొత్త దుంప పాతదానికన్నా పెద్దది వచ్చింది, లేనివాటిలో చాలావరకు అంతే ఉంది లేదా తగ్గింది. కుండీలు తక్కువ కాబట్టి దీన్ని నేను రుజువని అనను, కానీ తర్వాతి లాటు అంతటికీ ఫంగస్ వేయమని చెప్పడానికి నాకు అది చాలింది. నత్తలు కొన్నిటిని తినేశాయి, వానాకాలం కుండీల్ని బల్లల మీద పెట్టి కాళ్లకి ఉప్పునీళ్ల పళ్లేలు పెట్టాల్సి వచ్చింది. ఇంకా పూత రాలేదు.

ఇలాంటి పని పెట్టుకునేవాళ్లకి నేను అడిగేది ముందు ఒక ఏడాది మొక్కని కొండ మీద చూడమని. ఆకు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది, వేళ్లు ఎప్పుడు పచ్చిగా ఉన్నాయి, ఈ తేదీలు రాసుకున్న నోటుబుక్కు ఉంటే మా కేసులో రెండేళ్లు కలిసొచ్చేవి. ఫ్లాస్కు పారేసేముందు అడుగు చూడాలన్నది ఇప్పుడు ఆ ల్యాబులో రూలు, ఆటోక్లేవ్ పక్క గోడకి అంటించి ఉంది. గింజ టెస్టులో రంగు రాలేదంటే గింజని అనుమానించేముందు తొడుగుని అనుమానించండి. దుంపలు తిరిగి కొండకి చేర్చడం గురించి అటవీశాఖతో మాటలు నడుస్తున్నాయి. అక్కడి గింజల నుంచి వచ్చిన మొక్కలు అక్కడికే వెళ్లాలని, ఇంకో కొండకి, ఇంకొకరి తోటకి వద్దని మేడమ్ పట్టుబట్టారు, నేనూ అదే మాట మీద ఉన్నాను.

ప్రస్తుతానికి మా బెంగ ఫంగస్ మీద. అగార్ మీద పదే పదే సబ్‌కల్చర్ చేస్తుంటే గింజని మొలిపించే శక్తి సన్నగిల్లొచ్చు. అందుకని మొదటి ప్లేట్ల నుంచే ఓట్స్ గింజల మీద పెంచి చిన్న సీసాల్లో రెండు చోట్ల దాచాం, ఒక పెట్టె గుంటూరులో, ఒకటి నా దగ్గర. మే నెలలో కరెంటు పోయి ఒక ఫ్రిజ్ ఆగినా రెండోది ఉండాలని. ఈ జూన్‌లో ఒక సీసా తెరిచి కొత్త గింజల మీద వేసి చూస్తాం.